క్రొత్త వంగడములు - రైతుల హక్కులు

రోహిణి కార్తె వెడలి మృగశిర ప్రవేశించునప్పటికి మన గ్రామములలో ప్రతి అరుగుమీదను వినవచ్చు ప్రశ్న యొక్కటియే: ఈ యేడు ఏ విత్తనము చల్లుదము? స్వర్ణయా, సాంబమసూరియా, కాటన్‌దొర సన్నాలా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనునపుడు నేల, నీరు, తెగులు, ధర యనువానిని మన రైతులు చక్కగ విచారింతురు. కాని ఆ వంగడమును పుట్టించినవారెవరు, వారికి దానిపై గల హక్కెట్టిది, కోసిన గింజనే మరల విత్తుటకును పొరుగువానికి బదులిచ్చుటకును మనకు గల అధికారమెంత యని విచారించువారు మిక్కిలి అరుదు. ఈ ఉపేక్ష యిక పనికిరాదు. ఈ ప్రశ్నలన్నింటికిని సమాధానముగ 2001వ సంవత్సరమున భారత పార్లమెంటు ఒక శాసనమును నిర్మించినది. వంగడముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టమని దానికి పేరు. అది అమలులో నుండియు మన పల్లెలలో దాని పేరు వినినవారు కొలదిమందియే. కావున భూస్వాములును, కౌలుదార్లును, విత్తన వర్తకులును తప్పక తెలిసికొనదగిన యీ శాసనమును గూర్చి మా అభిప్రాయమును విన్నవింప దలచితిమి.

నిర్మాత శ్రమ

క్రొత్త వంగడమును పుట్టించుట సులభసాధ్యమైన పని కాదు. వరిపూవు విచ్చుటకు ముందే దాని పుప్పొడి తిత్తులను తొలగింపవలెను. మరియొక వంగడపు పుప్పొడిని దానిపై రాల్పవలెను. అట్లు కట్టిన గింజను విత్తి, ఆ సంతతిలోని వేలకొలది మొక్కలను తరము వెంబడి తరముగ పరిశీలించి, పనికిరానివానిని పారవైచి, మేలైనవానిని ఏరుకొనవలెను. గుణములు నిలుకడ పొందుటకే ఆరేడు తరములు పట్టును. పిమ్మట పలుచోట్ల పరీక్షలు జరుగవలెను. ఇట్లు పది పండ్రెండేండ్లు కడచిన గాని ఒక విత్తనము రైతు చేతికి రాదు. నూరు సాంకర్యములు చేసినను ఒక్కటి ఫలించునన్న నమ్మకము లేదు.

ఇంత శ్రమపడి పుట్టించిన వంగడము ఒక్క బస్తా అమ్ముడుపోయిన వెంటనే నిర్మాత చేయి జారును. వరి, వేరుసెనగ, సెనగ మొదలగునవి తమ పుప్పొడితో తామే ఫలదీకరణము పొందు పైరులు. వాని గింజను విత్తిన అదే పైరు వచ్చును. కావున కొనినవాడు మరుసటి యేట తానే విత్తన వర్తకుడు కాగలడు. మొక్కజొన్న, ప్రత్తి మున్నగువాని సంకర విత్తనముల సంగతి వేరు. వాని రెండవ తరము గుణము చెడును గనుక రైతు ఏటేట అంగడికి పోకతప్పదు. అక్కడ ప్రకృతియే నిర్మాతకు కావలి కాయుచున్నది. ధనవంతులైన విత్తన సంస్థలు సంకరములవైపు ఎగబడుటకును, వరి వంటి పైరులను సర్కారు క్షేత్రములకు వదలుటకును కారణమిదియే.

అమెరికాయందు లూథర్ బర్బాంకు అను ప్రసిద్ధుడైన ఉద్యానకారుడు తన యౌవనమున కనిపెట్టిన ఆలుగడ్డ వంగడముపై హక్కును 1875 ప్రాంతమున 150 డాలర్లకు అమ్ముకొనెను. ఆ వంగడమువలన ఇతరులు గడించిన ధనమునకు లెక్కలేదు. యంత్రమును కనిపెట్టినవానికి పేటెంటు కలదు, మొక్కను కనిపెట్టినవానికి ఏమియును లేదు గదాయని అతడు వాపోయెను. అతడు 1926లో గతించెను. 1930లో అమెరికా శాసనసభ మొక్కలకు పేటెంటు చట్టమును చేసినది. అయినను అది అంట్లవలన వర్ధిల్లు చెట్లకు వర్తించినదేగాని దుంపలకు వర్తింపలేదు. ఆలుగడ్డ అందు చేరనేలేదు! విత్తనముతో పండు పైరులకు అచ్చట రక్షణ లభించుటకు 1970 వరకు వేచియుండవలసి వచ్చినది. యూరపు రాజ్యములు 1961లో పారిసు నగరమున సమావేశమై యూపొవ్ అను పేర ఒక ఒడంబడిక చేసికొనినవి. 1978లోను 1991లోను దానిని సవరించినవి. సవరణ సవరణకును నిర్మాత హక్కు పెరిగినది. 1991 నాటి సవరణ ననుసరించి రైతు తన పొలమున పండిన గింజను మరల విత్తుకొనుట సహజమైన హక్కు కాదు. ఆయా దేశముల ప్రభుత్వములు దయతలచి కొన్ని హద్దులకు లోబడి అనుమతింపదగిన మినహాయింపు మాత్రమే.

నిర్మాతకు ప్రతిఫలము దక్కుట న్యాయమని మేమును అంగీకరింతుము. కాని నిర్మాత ఎవరు? ఈ ప్రశ్నయొద్దనే యూరపు మార్గమునకును మన మార్గమునకును భేదము గలుగుచున్నది.

ఒక గింజ వంశవృక్షము

గోదావరి, కృష్ణా డెల్టాల గాదెలు నింపిన రెండు వంగడముల వంశమును విచారింతము. మసూరి యను వరి తైచుంగు 65, మయాంగ్ ఎబోస్ అను రెండు వరుల సంతానము. మొదటిది జపాను జాతికి చెందినది, రెండవది మలయా దేశపుది. కటకమునందు 1946లో వెలసిన కేంద్ర వరి పరిశోధనాలయమున ఐక్యరాజ్యసమితివారి ఆహార వ్యవసాయ సంస్థ సాయమున జరిగిన సాంకర్యముల ఫలితమది. మలయావారు దానిని 1965లో విడుదల చేసిరి. అది మరల మన దేశమునకు వచ్చినది. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరునందు 1925 నుండి గల క్షేత్రమున మసూరిని వశిష్ఠ యను వంగడముతో కలిపి 1982లో స్వర్ణను విడుదల చేసిరి. బాపట్లలో మసూరికి తైవాను దేశపు పొట్టి వరిని, జి.ఇ.బి. 24 అను పాత సన్నపు వరిని జోడించి 1986లో బి.పి.టి. 5204ను, అనగా సాంబమసూరిని, తెచ్చిరి. ఆ జి.ఇ.బి. 24 మాత్రమెవరిది? రైతులు తరతరములుగ సాగుచేయుచు వచ్చిన వరిలో ప్రకృతివశమున పుట్టిన మార్పును కోయంబత్తూరు క్షేత్రమువారు ఏరి 1921లో లోకమునకు అందించినదే.

కథ అంతటితో ముగియలేదు. సాంబమసూరికి ఆకు ఎండు తెగులు తగులుచుండుట గమనించి హైదరాబాదునందలి వరి పరిశోధన సంస్థవారును సి.సి.యం.బి. వారును కలిసి, ఆ తెగులును తట్టుకొను మూడు జన్యువులను అందు ప్రవేశపెట్టి 2008లో మెరుగుపరచిన సాంబమసూరిని ఇచ్చిరి. స్వర్ణకు నీటమునకను తట్టుకొను గుణమును చేర్చి 2009లో స్వర్ణ-సబ్ 1ను విడుదల చేసిరి. రెండు వారములు మునిగియున్నను చావని ఆ గుణము ఒడిశా రైతుల ప్రాచీనమైన వరినుండి ఏరిన ఎఫ్.ఆర్. 13ఎ అను వంగడమునుండి వచ్చినది. ఏటేట వరదలలో మునుగు పొలములలో బ్రదికిన వెన్నులనే ఏరి దాచుకొనిన ఆ పేద రైతుల పేర్లు ఏ గ్రంథమునందును లేవు.

దీనివలన తేలునదేమి? ఏ వంగడమైనను ఒక్కని సొత్తు కాదు. శాస్త్రజ్ఞుడు గోపురముపై కలశము నిలుపుచున్నాడు. గోపురమును కట్టినవాడు రైతు. కలశము నిలిపినవానికి శాలువ కప్పవలసినదే. గోపురము కట్టినవానిని గుడిలోనికి రానీయకపోవుట మాత్రము అధర్మము.

చట్టమునందేమున్నది?

1995 జనవరి 1వ తేదీన ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడగా అందు సభ్యత్వము గల దేశములన్నియు వంగడములకు పేటెంటు చేతగాని, తమకు తగిన వేరొక పద్ధతిచేతగాని రక్షణ కల్పింపవలెనని నియమము వచ్చినది. యూపొవ్ ఒడంబడికను తెచ్చి యథాతథముగ అతికించుకొనుట సులువైన మార్గము. పెక్కు దేశములట్లే చేసినవి. భారతదేశము తన మార్గమును తాను త్రొక్కినది. 2001 నాటి మన చట్టము పేరులోనే రైతుల హక్కులనుమాట చేరియున్నది. నిర్మాత హక్కును, రైతు హక్కును, పరిశోధకుని హక్కును ఒకే శాసనమున పొందుపరచుట దీని విశేషము.

నిర్మాతకు ఈ చట్టము ఇచ్చుచున్నదేమనగా: క్రొత్తదియు, తక్కినవానికంటె స్పష్టముగ భిన్నమైనదియు, ఏకరూపము గలదియు, తరతరమునకు గుణము మారనిదియు నగు వంగడమును నమోదు చేయించుకొనిన యెడల, దాని విత్తనమును ఉత్పత్తి చేయుటకు, అమ్ముటకు, ఎగుమతి దిగుమతులు జరుపుటకు అతనికే అధికారము. చెట్లకును ద్రాక్ష మొదలగు తీగెలకును 18 సంవత్సరములు, తక్కిన పైరులకు 15 సంవత్సరములు గడువు. ఆ పిమ్మట అది అందరిది. పరిశోధకుడు నమోదైన వంగడమును సహితము తన ప్రయోగములకు నిరాటంకముగ వాడుకొనవచ్చును. నమోదై మూడేండ్లు గడచినను నిర్మాత చాలినంత విత్తనమును సరసమైన ధరకు అందింపని యెడల వేరొకరికి అనుమతి ఇప్పించు అధికారమును ప్రభుత్వపక్షమున కలదు. మొలకశక్తిని చంపివేయు సాంకేతిక పద్ధతులు గల విత్తనమునకు నమోదే లేదు.

ఇక రైతు మాట. చట్టము 39వ సెక్షను ప్రకారము రైతు తన పంటను, నమోదైన వంగడపు విత్తనమును సహితము, దాచుకొనవచ్చును, విత్తవచ్చును, మరల విత్తవచ్చును, బదులీయవచ్చును, పంచవచ్చును, అమ్మవచ్చును. ఒక్కటి మాత్రము కూడదు. సంచిలో నింపి, చీటీ అంటించి, నమోదైన వంగడమని పేరుపెట్టి విత్తనముగ అమ్మరాదు. పొరుగూరి బంధువునకు పది బస్తాలు కొలిచి యిచ్చుట హక్కు. అంగడి పెట్టి ముద్ర వేసి అమ్ముట నేరము. ఈ భేదమును ప్రతి రైతును గుర్తుంచుకొనవలెను.

అంతేకాదు. నమోదైన వంగడమును అమ్మునపుడు ఏ పరిస్థితులలో ఎంత ఫలితమిచ్చునో నిర్మాత రైతునకు తెలియజెప్పవలెను. చెప్పినట్లు పండని యెడల రైతు ప్రాధికార సంస్థయెదుట పరిహారము కోరవచ్చును. ఇట్టి హక్కు ఒకటి కలదని తెలియక రైతు చేసినదానిని హక్కుభంగముగ పరిగణింపరాదని 42వ సెక్షను అభయమిచ్చుచున్నది. రైతులు తాము అనాదిగ కాపాడుచున్న వంగడములను తమ పేర నమోదు చేయించుకొనవచ్చును. ప్రాధికార సంస్థయెదుట గాని హైకోర్టునందు గాని ఈ చట్టము క్రింద జరుగు ఏ వ్యవహారమునకును రైతుగాని, రైతుల కూటమిగాని, గ్రామసమాజముగాని రుసుము చెల్లింపనక్కరలేదు. తమ వంగడమునుండి ఇతరులు క్రొత్తదానిని తీసి లాభము పొందినచో అందు భాగము కోరవచ్చును. ఆ భాగము జాతీయ జన్యునిధి ద్వారా వారికి ముట్టును.

గుజరాతు ఆలుగడ్డ వ్యవహారము

ఈ అక్షరములు కేవలము కాగితముపై నుండునవి కావని 2019లో గుజరాతు రైతులు నిరూపించిరి. పెప్సికో సంస్థ వేపుడు బిళ్లలకై వాడుకొను ఎఫ్.ఎల్. 2027 అను ఆలుగడ్డ వంగడమును 2016లో ఈ చట్టము క్రింద నమోదు చేయించుకొనినది. తమతో ఒప్పందము లేకయే దానిని పండించుచున్నారని ఉత్తర గుజరాతునందలి కొందరు రైతులపై ఆ సంస్థ వ్యాజ్యములు వేసినది. నలుగురిపై తలకొక కోటి రూపాయలకు పైగ నష్టపరిహారమునకు దావా! కొలది యెకరముల సేద్యగాడు ఏడు జన్మలెత్తినను కూడబెట్టజాలని మొత్తమది. దేశమున రైతుసంఘములన్నియు 39వ సెక్షనును చేతబట్టి నిలువగా 2019 మే నెలలో సంస్థ వ్యాజ్యములను ఉపసంహరించుకొనినది.

అంతట కురుగంటి కవిత గారు ఆ వంగడపు నమోదునే రద్దుచేయుమని దరఖాస్తు పెట్టిరి. దరఖాస్తులో నింపిన వివరములు సరిగా లేవని 2021 డిసెంబరులో ప్రాధికార సంస్థ నమోదును రద్దుచేసినది. 2023 జూలైలో ఢిల్లీ హైకోర్టునందు ఏకన్యాయమూర్తి ఆ ఉత్తర్వును నిలిపిరి. 2024 జనవరిలో ఇరువురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని త్రోసిపుచ్చి సంస్థపక్షమున తీర్పుచెప్పినది. ఈ కడపటి తీర్పును చూచి కొందరు రైతుల హక్కు పోయినదని భయపడిరి. అది పొరబాటు. ఆ తీర్పు నమోదు పత్రములోని వివరములకు సంబంధించినది. 39వ సెక్షను చెక్కు చెదరక నిలిచియున్నది. అయినను రైతును బెదరించుటకు న్యాయస్థానములో ఓడింపనక్కరలేదు, న్యాయస్థానమునకు ఈడ్చిన చాలునన్న సత్యమును ఈ వ్యవహారము మనకు నేర్పినది. తన హక్కు తెలిసినవాడు బెదరడు.

మన ప్రాంతమున ప్రత్తి విత్తనముల విషయమున జరిగిన కలహము దీనికంటె భిన్నమైనది. అది పేటెంటునకు సంబంధించినది. మన పేటెంటు చట్టము ప్రకారము మొక్కలకును విత్తనములకును పేటెంటు లేదు. కాని పురుగును చంపు జన్యువుపై పేటెంటు గలదని ఒక అమెరికా సంస్థ వసూలుచేసిన సొమ్ము విత్తనపు ధరలో చేరి 450 గ్రాముల పొట్లము 1,600 రూపాయలు దాటినది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక కమిషను నాశ్రయించి పోరాడగా అది 750 రూపాయలకు దిగివచ్చినది. విత్తనముపై ఏకస్వామ్యమునకు హద్దు లేకున్న రైతు మూల్యమెంత చెల్లింపవలసి వచ్చునో దీనివలన గ్రహింపవచ్చును.

ఖోబ్రగడే గారి గడియారము

హైదరాబాదు అంగళ్లలో హెచ్.ఎం.టి. బియ్యమనిన ఎరుగనివారు లేరు. ఆ వరిని కనిపెట్టినది విశ్వవిద్యాలయము కాదు. మహారాష్ట్రమున చంద్రపూరు జిల్లాలోని నాందేడ్ గ్రామవాసియగు దాదాజీ ఖోబ్రగడే అను పేద రైతు. ఆయనకు గల భూమి ఎకరమున్నర లోపు. 1983లో పటేల్ 3 అను వరిచేనిలో వింతగానున్న కొన్ని వెన్నులను చూచి, ఏరి, విడిగ విత్తి, ఏండ్ల తరబడి బెరుకులను తీసివైచుచు ఒక సన్నని సువాసన గల వరిని నిలుకడకు తెచ్చెను. దానిని కొనిన వర్తకుడు ఆనాడు వాసికెక్కిన చేతిగడియారపు పేరు దానికి పెట్టెను. 1994లో ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు ఆయనయొద్ద కొన్ని కిలోల విత్తనము గైకొని, 1998లో ఆ వరినే తమ పేరు ముందు తగిలించి విడుదల చేసిరి. ఖోబ్రగడే గారికి బహుమానములు వచ్చినవి, 2005లో రాష్ట్రపతి చేతులమీదుగ సత్కారము జరిగినది. కాని ఆ బియ్యమువలన వర్తకులును మిల్లరులును గడించిన దానిలో ఆయన కందినది శూన్యము. 2018 జూన్‌లో దారిద్ర్యములోనే ఆయన కన్ను మూసెను.

1998లో మన చట్టము లేదు. నేడు కలదు. ప్రాధికార సంస్థ 2005లో ఢిల్లీయందు నెలకొన్నది. 2007 నుండి నమోదు జరుగుచున్నది. అయినను నేడు మన జిల్లాలలో మరియొక ఖోబ్రగడే ఉన్న యెడల అతనికి దరఖాస్తు వ్రాసిపెట్టువారెవ్వరు? నెల్లూరు మొలగొలుకుల వంటి వన్నెకెక్కిన పాత వరులను వంశపారంపర్యముగ నిలిపిన కుటుంబములకు ఈ వార్త చేరవేసినవారెవ్వరు? హక్కు శాసనమునందున్నది, రైతు పొలమునందున్నాడు. ఈ రెంటికిని నడుమ దారి వేయవలసియున్నది.

మన కర్తవ్యము

రైతునకు ఇంత స్వేచ్ఛ యిచ్చినచో నిర్మాతలు పరిశోధనకు పూనుకొనరని విత్తన సంస్థలు వాదించుచున్నవి. అందు కొంత సత్యము లేకపోలేదు. కాని ముద్రవేసిన విత్తనపు విపణి అంతయు వారిదిగనే యున్నది. సాటి సంస్థలు తమ వంగడమును దొంగిలింపకుండ రక్షణయు కలదు. అది చాలదనువారికి మా ప్రత్యుత్తరమిది: మన అన్నపుకుండను నింపిన స్వర్ణయు సాంబమసూరియు ఏకస్వామ్యమువలన పుట్టలేదు, ప్రజాధనముతో నడచు పరిశోధన క్షేత్రములలో పుట్టినవి. మారుటేరును బాపట్లను ఎండబెట్టి, వరిని సైతము సంస్థలకు వదలి, పిమ్మట వారికి హక్కులు చాలవని వగచుట వివేకము కాదు. ఆ క్షేత్రములకు కావలసిన ధనమును, ఖాళీగానున్న కొలువులకు శాస్త్రజ్ఞులను ఇచ్చుట ప్రభుత్వముల ప్రథమ కర్తవ్యము.

ఇతర దేశములతో వర్తక సంధులు చేసికొనునపుడు యూరపు రాజ్యములు యూపొవ్ ఒడంబడిక 1991 సవరణకు అనుగుణముగ చట్టములను దిద్దుకొనుమని ఎదుటివారిని కోరుట కలదు. భారతదేశము అందు సభ్యురాలు కాదు. ఎట్టి సంధియందును 39వ సెక్షనును బేరమునకు పెట్టరాదని మన పార్లమెంటు సభ్యులు ముందుగనే స్పష్టపరచవలెను.

ఇక ప్రజలు చేయదగినది. ప్రతి మండలమునను రైతుసంఘములవారు పాత వంగడముల పట్టిక వ్రాయించి, ఎవరింట ఏ విత్తనమున్నదో, ఎన్ని తరములనుండి యున్నదో, దాని గుణమెట్టిదో లిఖితముగ నుంచవలెను. ఈ పట్టికయే రేపు హక్కు కోరునపుడు సాక్ష్యము. చదువుకొనిన భూస్వాములు తమ కౌలుదార్ల పక్షమున దరఖాస్తులు నింపి పంపవలెను. వ్యవసాయ కళాశాలలవారు అందుకు సాయపడవలెను. విత్తనము కొనినవారు సంచియు చీటీయు రసీదును పంట చేతికి వచ్చువరకు భద్రపరచవలెను. అవి లేనివాని మొర ఆలకించువారుండరు.

పూర్వము మన ఇండ్లలో విత్తనపు వెన్నులను చూరునకు వ్రేలాడదీసి, కరవు వచ్చినను వానిని ముట్టక కాపాడిరి. ఇంటిల్లిపాది పస్తుండిరే గాని విత్తనమును దంచుకొనలేదు. అట్లు కాపాడినందువలననే నేటి శాస్త్రజ్ఞునకు ఏరుకొనుటకు గింజ దొరకినది. ఆనాటి పెద్దలకు చట్టము లేదు, జాగ్రత్త కలదు. మనకు చట్టము కలదు. వారి జాగ్రత్తను కూడ మనము అలవరచుకొందుమని ఆశించుచున్నాము.